పార్కు టికెట్టు లేకుండా డిస్నీలో నాలుగు రాత్రులు: అనంతపురంలో నన్ను అడిగే ప్రశ్నలు

మా వీధిలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఐదున్నాయి. ఏటా ఎవరో ఒకరు ఆర్నెల్లకని బయలుదేరుతారు. పోయే ముందు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. "అక్కా, ఫ్లోరిడాలో డిస్నీకి పోయి కూడా మీరు పార్కుల్లోకి పోలేదంట కదా, మరి నాలుగు రోజులు ఏం చేసినారు?" అని అడుగుతారు. చెప్పిందే చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే పదిమందికి పనికొస్తుందని రాస్తున్నా.

పోయింది ఆరుగురం: నేను, మా ఆయన, 78 ఏళ్ళ మా అత్త, కొడుకు, కోడలు, ఏడేళ్ళ మనవడు. అత్తకు మోకాళ్ళు రెండూ అరిగిపోయినాయి. మా ఆయనకు షుగరు. కొడుకు ఉండే అట్లాంటా నుంచి కారులో ఏడు గంటల దారి.

డిస్నీ వరల్డ్ అంటేనే పార్కు కదా? పార్కుకు పోకుంటే ఇంకేముంటుంది?

అక్కడే అందరం పొరబడతాం. నేనూ పొరబడినా. ఎగ్జిబిషన్ మాదిరి ఒక ప్రహరీ, ఒక గేటు, లోపల జెయింట్ వీలు ఉంటాయనుకున్నా. ఆర్లాండో పక్కన ఉండే ఆ జాగా సుమారు 25 వేల ఎకరాలు. అందులో టికెట్టు అడిగే పెద్ద పార్కులు నాలుగే: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. నీళ్ళ పార్కులు రెండు వేరే ఉన్నాయి. మిగతాదంతా హోటళ్ళు, చెరువులు, అడవి, బజారు, పడవలు, రైలు. 1971 అక్టోబరు 1న మొదటి పార్కు తెరిచిన రోజునే రెండు హోటళ్ళు కూడా పెట్టినారు. జనం అక్కడే నాలుగు రోజులు ఉండిపోవాలని మొదటినుంచీ అనుకుని కట్టిన ఊరు అది.

పార్కు టికెట్టు లేకుంటే గది ఇస్తారా?

ఇస్తారు. గది వేరు, టికెట్టు వేరు. గది మాత్రమే బుక్ చేసుకోవచ్చు. ఇక్కడ ఒక ట్రావెల్స్ ఆయన మాతో "టికెట్లు కలిపి ప్యాకేజీ తీసుకుంటేనే గది దొరుకుతుంది" అని గట్టిగా చెప్పినాడు. మా వాడు డిస్నీ వాళ్ళ సైటులోనే చూసి, గది ఒక్కటే తీసుకున్నాడు. మీకూ ఎవరైనా అట్లా చెబితే డబ్బు కట్టేముందు పిల్లలతో ఒకసారి చూపించండి.

తిరపతికి పోయి దర్శనం చేసుకోకుండా వచ్చినట్టు ఉండదా?

ఈ మాట మొదట మా అత్తే అనింది. "ఇంత దూరం వచ్చి యాడికీ పోకుండా కూకుంటే ఎట్లామ్మే?" అని.

కొండకు పోయేది స్వామి కోసం. మేము అక్కడికి పోయింది ఎవరి కోసమో ఆలోచిస్తే నాకు జవాబు దొరికింది. అమెరికాలో కొడుకింట్లో రెండు నెలలు ఉన్నాం. పొద్దున ఎనిమిదికి కొడుకు ల్యాప్‌టాప్ ముందు, కోడలు ఆఫీసులో, పిల్లోడు బడిలో. సాయంత్రం అందరూ అలిసిపోయి వస్తారు. అందరం కూర్చుని తినేది శని, ఆదివారాలే. ఆ రెండు రోజులూ సరుకులు, బట్టలు, గుడి అని గడిచిపోతాయి. వాళ్ళు సెలవు పెట్టి, వంట లేకుండా, ఫోను పక్కన పెట్టి మా ఎదురుగా కూర్చున్నది ఆ నాలుగు రోజులే. పార్కుకు పోయుంటే పొద్దున్నే గేటు దగ్గర ఉండాలని పరుగు, లోపల వరసలు, రోజుకు పది మైళ్ళ దగ్గర నడక. అత్త ఒక బెంచీ మీద, మేము ఇంకో వరసలో ఉండేవాళ్ళం. నాకు కావలసింది పిల్లలు. వాళ్ళు దొరికినారు.

వయసులో ఉన్నవాళ్ళు, కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు పార్కుకు పోవాల్సిందే. వాళ్ళను పోవద్దని నేను ఎప్పుడూ అనను. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పోయేవాళ్ళ కోసం ఇదంతా రాస్తున్నా.

డబ్బు ఎంత మిగులుతుంది?

పార్కు టికెట్టు రోజును బట్టి మారుతుంది. రద్దీ తక్కువగా ఉండే రోజున కూడా పెద్దవాళ్ళకు ఒక రోజుకు 119 డాలర్ల నుంచి మొదలు. క్రిస్మస్ వంటి రోజుల్లో దాదాపు 200 డాలర్లు. పన్ను వేరే. మూడేళ్ళ లోపు పిల్లలకే ఊరక, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు తగ్గేది కొంచెమే. మా ఆరుగురికి ఒక్కరోజుకే 700 డాలర్ల దగ్గర అయ్యేది. ఎక్కువ రోజులకు కలిపి కొంటే రోజు లెక్కన కొంత తగ్గుతుంది గానీ మొత్తం చిన్నది కాదు.

ఆ డబ్బంతా మిగిలిందని మాత్రం చెప్పను. కొంత గదికి పోయింది, కొంత మంచి భోజనాలకు పోయింది. అక్కడ రాసిన ధర మీద పన్ను కలుపుతారు. హోటలు గదికి ఆ జిల్లాలో 12.5 శాతం పన్ను. కూర్చుని తినే హోటళ్ళలో 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వాలి. ఇవి ముందే లెక్కలో వేసుకోండి, తర్వాత బిల్లు చూసి మనసు పాడు చేసుకోవద్దు. డిస్నీ సొంత హోటళ్ళలో రిసార్టు ఫీజు అని వేరే వేయరు. దిగినవాళ్ళకు కారు పార్కింగు కూడా ఊరకే.

ఏ హోటలు తీసుకోవాలి?

మూడు తరగతులు ఉన్నాయి: వాల్యూ, మోడరేట్, డీలక్స్. మేము దిగింది ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే వాల్యూ హోటల్లో, ఫ్యామిలీ సూట్. ఆరుగురు పడుకోవచ్చు, బాత్రూములు రెండు. చిన్న వంటగది మూల, అందులో మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉంటాయి. పెద్దవాళ్ళతో పోయేటప్పుడు రెండో బాత్రూమే అన్నిటికన్నా పెద్ద సౌకర్యం, నా మాట నమ్మండి. మామూలు వాల్యూ గదిలో నలుగురే. ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ కోసం కింద ఫుడ్ కోర్టుకు పోవాలి.

చేతిలో డబ్బు ఉండి, బయట ఎక్కడికీ తిరగము, ఉన్నచోటే ఉంటాము అనుకునేవాళ్ళు రెండు రాత్రులకైనా యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో అడవి వైపు గది తీసుకోండి. ఎందుకో కింద చెబుతా.

ఒక్క జాగ్రత్త. వాల్యూ హోటళ్ళు చాలా విశాలం. గది నుంచి ఫుడ్ కోర్టుకే పది నిమిషాల నడక ఉండొచ్చు. "నడవలేని పెద్దావిడ ఉంది, లాబీకి దగ్గరగా గది ఇవ్వండి" అని బుక్ చేసేటప్పుడే రాయించండి.

పొద్దంతా ఏం చేసినారు?

మొదటి రోజు ఏమీ చేయలేదు. ఏడు గంటల కారు ప్రయాణం తర్వాత పెద్దవాళ్ళను ఎక్కడికీ లాగొద్దు. నిద్రపోయి లేచి, హోటలు చుట్టూ తిరిగినాం. మనిషి కన్నా ఎత్తు బొమ్మలు, రంగురంగుల కార్లు, చేపలు ఉన్నాయి. మనవడు ప్రతి బొమ్మ దగ్గరా వాళ్ళ అవ్వను నిలబెట్టి ఫోటో తీసినాడు.

రెండో రోజు "హోటళ్ళు చూసే రోజు" అని పేరు పెట్టుకున్నాం. అక్కడ ఒక్కో హోటలు ఒక్కో తీరుగా కట్టినారు. హోటలు బస్సులో మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా పోయినాం. గేటు లోపలికి పోకుండా పక్కనే ఉన్న మోనోరైలు ఎక్కినాం. అది వరసగా కాంటెంపరరీ, పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ అనే మూడు హోటళ్ళ దగ్గర ఆగుతుంది. కాంటెంపరరీలో రైలు హోటలు కడుపులోంచే పోతుంది. మనం లోపల కూర్చుని కాఫీ తాగుతుంటే నెత్తి మీదుగా రైలు పోతుంటుంది. అక్కడ మేరీ బ్లేర్ అనే చిత్రకారిణి చేసిన 90 అడుగుల ఎత్తు టైల్స్ గోడబొమ్మ ఉంది. 1971 నాటిది. అందులో ఒక మేకకు ఐదు కాళ్ళు ఉంటాయి. మనవడికి ఆ మాట చెప్పి వెతకమంటే అరగంట కదలలేదు. కనిపెట్టింది మాత్రం మా అత్త. పల్లెలో మేకలు మేపిన మనిషి, కాళ్ళ లెక్క తప్పుతుందా!

గ్రాండ్ ఫ్లోరిడియన్ లాబీలో పియానో వాయిస్తుంటే మెత్తటి సోఫాల్లో గంటసేపు కూర్చున్నాం. ఎవరూ లేవమనలేదు. పాలినీషియన్ దగ్గర ఇసుకలో కుర్చీలు వేసి ఉంటాయి, ఎదురుగా నీళ్ళు, దూరంగా మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోని కోట. మా ఆయన అక్కడే కునుకు తీసినాడు.

వైల్డర్‌నెస్ లాడ్జి కూడా తప్పక చూడండి. పడవలో పోవచ్చు. పెద్ద పెద్ద దూలాలతో కట్టిన ఎనిమిదంతస్తుల ఎత్తు హాలు, 82 అడుగుల రాతి పొయ్యి. బయట నేలలోంచి వేడినీళ్ళ బుగ్గ చిమ్మినట్టు నీళ్ళు ఎగజిమ్ముతాయి.

మూడో రోజు పొద్దున ఈత కొలను, మధ్యాహ్నం జంతువులు. నాలుగో రోజు బజారు.

మోనోరైలుకు, పడవలకు, తీగ మీద పోయే డబ్బాలకు టికెట్టు కొనాలా?

దేనికీ అక్కరలేదు. బస్సు, పడవ, మోనోరైలు, స్కైలైనర్ అనే ఆ తీగ డబ్బాలు అన్నీ ఊరకే. కొన్నిచోట్ల ఎక్కేముందు బ్యాగులు తనిఖీ చేస్తారు, అంతే.

స్కైలైనర్ 2019లో వచ్చింది. మా హోటలు ముందే స్టేషను. కరీబియన్ బీచ్ అనే హోటలు దగ్గర దిగి ఇంకో తీగ మారితే ఎప్‌కాట్ వెనక గేటు దాకా, లేదా హాలీవుడ్ స్టూడియోస్ గేటు దాకా పోవచ్చు. చెట్ల మీదుగా, నీళ్ళ మీదుగా పోతుంటే పిల్లోడికి అదే ఒక రైడు. ఏసీ ఉండదు, గాలి మాత్రం ఆడుతుంది. పిడుగులు పడే సూచన ఉంటే ఆపేస్తారు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఎప్‌కాట్‌కు పోయే మోనోరైలు ఆ పార్కు లోపలికి పోయి చుట్టు తిరిగి ఆగుతుంది. 180 అడుగుల ఎత్తుండే ఆ వెండి గోళం పక్కనుంచే పోతుంది. టికెట్టు లేకుండానే పార్కు లోపల ఒక చూపు చూసినట్టే. మేము దిగి, మళ్ళీ ఎక్కి వెనక్కి వచ్చినాం. పిల్లోడు రెండుసార్లు తిప్పించినాడు.

జంతువులను కూడా ఊరకే చూడొచ్చంట, నిజమేనా?

నిజమే. నాలుగు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అనేది 2001లో తెరిచిన హోటలు, యానిమల్ కింగ్‌డమ్ పార్కుతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. హోటలు చుట్టూ ఆఫ్రికా గడ్డిమైదానం మాదిరి పెంచి, అందులో జిరాఫీలు, జీబ్రాలు, జింకలు, పెద్ద పెద్ద పక్షులను వదిలినారు. అడవి వైపు గది తీసుకుంటే బాల్కనీలోంచే కనిపిస్తాయి. గది లేకున్నా, అక్కడి హోటల్లో భోజనానికి ముందే బుక్ చేసుకుని పోతే కారు లోపలికి వదులుతారు. తినేసి, వెనక వైపు చూసే గట్టు మీద ఎంతసేపైనా నిలబడొచ్చు. కూర్చోవడానికి చోటు కూడా ఉంది.

మేము సనా అనే భోజనశాలకు మధ్యాహ్నం పోయినాం. కిడానీ విలేజ్ అనే భాగంలో ఉంది. ఆఫ్రికా వంటలో మన మసాలాలు కలిసే చోటు అది. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని ఒకటి ఇస్తారు: రకరకాల నాన్‌లు, ఉల్లి కుల్చా, పనీర్ పరోటా, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, ఊరగాయలు, రైతా. మాంసం ముట్టని మా అత్తకు అమెరికాలో బయట కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే. కిటికీ పక్కన కూర్చుంటే అద్దం అవతల జీబ్రాలు మేస్తుంటాయి. బుకింగు 60 రోజుల ముందే తెరుస్తారు, కిటికీ పక్క చోటు కావాలని రాయించండి. తప్పక దొరుకుతుందని కాదు గానీ అడిగితే పోయేదేమీ లేదు.

జిరాఫీ, జీబ్రాలను చూసి పిల్లోడు ఎగిరినాడు. మా అత్త, మా ఆయన మాత్రం ఆవుల దగ్గర ఆగిపోయినారు. అంకోలే ఆవులని ఆఫ్రికావి, ఒక్కో కొమ్ము మనిషి చెయ్యంత పొడుగు, తొడంత లావు. "ఇంత బరువు మోస్తా తల ఎట్లా వంచి మేస్తాదో పాపం" అని అత్త గట్టు పట్టుకుని అరగంట చూసింది. మా ఇంట్లో ఒకప్పుడు రెండు జతల ఎద్దులు ఉండేవి. కరువు ఏళ్ళలో గడ్డి లేక అమ్మేసినాం. ఆ ఎద్దుల పేర్లు, ఏ ఎద్దు పొడిచేది, ఏది పిలిస్తే వచ్చేది అన్నీ అత్త ఆరోజు మనవడికి చెప్పింది. నా కొడుక్కు కూడా అవి తెలీవు. వాడు పక్కన నిలబడి విన్నాడు.

కూటి సంగతి ఎట్లా? మన తిండి లేకుంటే రెండు రోజులు కూడా ఉండలేం.

మేము కలిపి చేసినాం: పొద్దున గదిలో, మధ్యాహ్నం బయట, రాత్రి గదిలో. అట్లాంటా నుంచి బయలుదేరేటప్పుడు కోడలు చపాతీలు, పులిహోర, పెరుగు ఐసు డబ్బాలో పెట్టింది. నేను పప్పులపొడి, చెనిక్కాయల పొడి, నిప్పట్లు పెట్టుకున్నా. పెరుగన్నంలో చెనిక్కాయల పొడి ఉంటే ఏ దేశమైనా ఒకటే. పొద్దున పూట బొరుగులు తిరగమోత పెట్టుకోవడానికి లేదు కాబట్టి అటుకులు నానేసి తిన్నాం. గదిలో స్టవ్వు, రైసు కుక్కరు పెట్టే ఆలోచన చేయొద్దు. పొగ అలారం మోగితే హోటలంతా లేస్తుంది.

ఫుడ్ కోర్టులో శాకాహారం కావాలని అడిగితే ఓపికగా చెబుతారు. గుడ్డు వద్దనేది వేరే చెప్పాలి, వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. మగ్గు ఒకటి కొనుక్కుంటే ఉన్నన్ని రోజులు కాఫీ, టీ, కూల్‌డ్రింకులు ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు ఆ కూల్‌డ్రింకు కుళాయి దగ్గర కాపలా ఉండాలి, మా ఆయనకు నేను ఉన్నట్టు.

అనంతపురం నుంచి ఏమేం తీసుకుపోవచ్చు?

పొడులు, నిప్పట్లు, కర్జికాయలు, చెక్కిలాలు వంటి ఎండు తిండి పరవాలేదు. ఏది ఉన్నా విమానంలో దిగగానే కస్టమ్స్ వాళ్ళకు ఉందని చెప్పాలి. చెప్పి తీసుకుపోతే నష్టం లేదు, దాచితే జరిమానా. మాంసం, పచ్చి పండ్లు, విత్తనాలు వద్దు.

కరివేపాకు అసలే వద్దు. మూట కట్టి పెట్టె అడుగున పెట్టేవాళ్ళు మన దగ్గర చాలామంది. కరివేపాకు నారింజ, నిమ్మ జాతికి చుట్టం. దాని మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది. అప్పటినుంచి అక్కడి నారింజ తోటలు కుప్పకూలినాయి. చీనీ తోటలు పెట్టిన మన జిల్లా రైతుకు ఈ మాట వేరే విడమరచి చెప్పనక్కరలేదు. చెట్టు ఎండిపోతే ఇంట్లో ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. వాళ్ళ తోటల కోసమైనా ఆ రెండు రెమ్మలు ఇంట్లో పెట్టిపోండి. అమెరికాలో ఇండియన్ అంగళ్ళలో కరివేపాకు దొరుకుతుంది.

పిల్లోడు పార్కుకు పోదామని ఏడవలేదా?

మొదటి పూట అడిగినాడు. అబద్ధం చెప్పలేదు. "ఈసారి అవ్వ కోసం వచ్చినాం, పార్కుకు మీ నాయనతో ఇంకోసారి పోదువు" అని కోడలు ముందే ఇంట్లో చెప్పింది. అక్కడికి పోయినాక చెప్పుంటే గొడవ అయ్యేది.

మిక్కీ మౌస్‌ను చూడాలనేది వాడి ఆశ. దానికి పార్కు అక్కరలేదు. కాంటెంపరరీ హోటల్లో షెఫ్ మిక్కీస్ అని బఫే ఉంది. మిక్కీ, మిన్నీ, డొనాల్డ్, గూఫీ, ప్లూటో మన బల్ల దగ్గరికే వస్తారు, ఫోటోలు దిగుతారు. పెద్దవాళ్ళకు మనిషికి 50 డాలర్లు దాటుతుంది, తక్కువేం కాదు. కొడుకు, మనవడు ఇద్దరే పోయొచ్చినారు. మేము బయట ఆ ఐదు కాళ్ళ మేక బొమ్మ దగ్గర కూర్చున్నాం.

మీ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయితే, ఆశ బలంగా ఉంటే, వాళ్ళకు ఒక రోజు టికెట్టు కొనివ్వండి. అందరూ ఒకేచోట ఉండాలనే పట్టు ఎందుకు? పొద్దున పోయి రాత్రికి వస్తారు, వచ్చి మీకు కథలు చెబుతారు.

మాకు ఈత రాదు. చీర కట్టుకునేవాళ్ళం. కొలను దగ్గర ఏం పని?

నేనూ అట్లే అనుకున్నా. మా హోటల్లో చాలా పెద్ద కొలను ఉంది. మెట్లు దిగనక్కరలేదు, ఒకవైపు సముద్రం ఒడ్డు మాదిరి వాలుగా నీళ్ళలోకి నడిచిపోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇది వరం. తల నీళ్ళలో ముంచితే లోపల సంగీతం వినిపిస్తుంది, నీళ్ళ అడుగున స్పీకర్లు పెట్టినారు. దిగాలంటే ఈత బట్టలు ఉండాలి. కోడలు నాకు పొడుగు చేతులు, మోకాళ్ళ కిందికి వచ్చే ఈత బట్టలు కొనిపెట్టింది. మొదట సిగ్గుపడినా. మూడో రోజుకు నేనే ముందు దిగినా. అత్త ఒడ్డున నీడలో కూర్చుంది. పిల్లలకు లైఫ్ జాకెట్లు ఊరకే ఇస్తారు, కాపలా వాళ్ళు ఉంటారు. మీరు దిగిన హోటలు కొలను మాత్రమే వాడుకోవాలి.

చెరువుల్లో దిగొచ్చా?

వద్దు. ఫ్లోరిడాలో ఏ చెరువులోనైనా మొసళ్ళు ఉండొచ్చు. ఇసుక ఉంది కదా అని పిల్లలను నీళ్ళ అంచుకు పంపొద్దు, సాయంత్రం తర్వాత అసలే వద్దు. బోర్డులు పెట్టినారు, పాటించండి.

రాత్రిపూట ఏముంటుంది?

పాలినీషియన్ ఒడ్డున కూర్చుంటే మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా నీళ్ళ అవతల కనిపిస్తుంది. ఆ తర్వాత నీళ్ళ మీద దీపాల ఊరేగింపు వస్తుంది: తాబేలు, తిమింగలం, సముద్రపు పాము ఆకారాల్లో దీపాలు కట్టిన తెప్పలు పాటలతో కదిలిపోతాయి. ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్ అంటారు, 1971 నుంచీ ఉంది. మా అత్త దండం పెట్టుకుంది, తెప్పోత్సవం మాదిరే ఉందని. వేళలు మారుతుంటాయి, హోటలు కౌంటర్లో అడిగి పోండి.

ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే అడవి విడిదిలో సాయంత్రం నెగడు వేసి పాటలు పాడిస్తారు, బయట తెర కట్టి సినిమా వేస్తారు. అక్కడ పిల్లలు మార్ష్‌మాలో కాల్చుకుంటారు. మాంసం తినని ఇళ్ళవాళ్ళకు చెబుతున్నా, మామూలు మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహారపువి విడిగా కొనుక్కుని పోవాలి. అక్కడే గుర్రాల కొట్టం ఉంది, చూడటానికి డబ్బు లేదు.

బజారు బాగుంటుందా?

డిస్నీ స్ప్రింగ్స్ అంటారు. లోపలికి పోవడానికి, కారు పెట్టడానికి డబ్బు లేదు. నీళ్ళ పక్కన అంగళ్ళు, పాటలు, లెగో ముక్కలతో కట్టిన పెద్ద బొమ్మలు. తాడు కట్టిన పెద్ద గాలిబుడగ ఉంది, 400 అడుగుల పైకి తీసుకుపోతుంది, దానికి టికెట్టు ఉంది. మేము ఎక్కలేదు, గాలి ఎక్కువుందని ఆరోజు ఆపినారు. సాయంత్రం పోండి, మధ్యాహ్నం ఎండకు రాళ్ళు కాలుతుంటాయి.

ఏ నెలలో పోవాలి? ఎండ మనకు అలవాటే కదా?

మన ఎండ వేరు, అక్కడి ఎండ వేరు. మనది పొడి ఎండ, నీడకు పోతే తెరిపి. అక్కడ నీడలో కూడా చెమట ఆరదు. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. ఆర్లాండోలో 1,300 దాటుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. మేము ఫిబ్రవరి మొదట్లో పోయినాం, పొద్దున శాలువా, మధ్యాహ్నం మామూలు బట్టలు. పెద్దవాళ్ళకు జనవరి, ఫిబ్రవరి మంచివి. క్రిస్మస్ వారం, మార్చి నడిమి బడి సెలవుల్లో ధరలు, జనం రెండూ ఎక్కువ.

నడవలేని వాళ్ళను తిప్పడం కష్టం కాదా?

అనుకున్నంత కాదు. మడిచే వీల్‌చైరు ఒకటి ఇంటి నుంచే తీసుకుపోయినాం. బస్సు ఒకవైపు వంగి పలక దించుతుంది, డ్రైవరే వచ్చి కుర్చీ కట్టేస్తాడు. మోనోరైలు, స్కైలైనర్లో కూడా కుర్చీతోనే ఎక్కొచ్చు. మా అత్త మొదట కుర్చీ వద్దని పట్టు పట్టింది, నలుగురూ చూస్తారని. అక్కడ ఆమె వయసువాళ్ళు చాలామంది కుర్చీల్లో దర్జాగా తిరగడం చూసినాక ఒప్పుకుంది. ప్రయాణపు ఇన్సూరెన్సు మాత్రం తప్పక తీసుకోండి, మందుల చీటీ ఇంగ్లీషులో రాయించి పెట్టుకోండి.

వీసా, విమానం?

మన రాష్ట్రం వాళ్ళకు హైదరాబాదు కాన్సులేటు. విమానానికి బెంగళూరు దగ్గర. దేవనహళ్ళి విమానాశ్రయం మన హైవే మీదే ఉంది కాబట్టి బెంగళూరు ఊళ్ళోకి పోయే బాధ లేదు.

అమెరికా మాకు పడదు. మన దగ్గర ఇట్లా ఉండొచ్చా?

ఉండొచ్చు. బెంగళూరు అవతల బిడదిలో వండర్‌లా పార్కు పక్కన వాళ్ళదే రిసార్టు ఉంది. హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ లోపల సితార, తార అని హోటళ్ళు ఉన్నాయి. గది మాత్రమే ఇస్తారా, టికెట్టు కూడా కలిపే ఇస్తారా అనేది బుక్ చేసేముందు ఫోను చేసి అడగండి. గది దగ్గర కూర్చునే చోటు, లిఫ్టు, పెద్దవాళ్ళు తినే తిండి ఉన్నాయా అని కూడా అడగండి.

మళ్ళీ పోతే ఏం మారుస్తారు?

హోటళ్ళు చూసే రోజును రెండుగా విడగొడతా, ఒక్కరోజులో నాలుగు హోటళ్ళు ఎక్కువైనాయి. ఒక రాత్రి జంతువుల హోటల్లో పడుకుంటా. మా అత్త ఇప్పటికీ అడుగుతుంది, రాత్రిపూట ఆ ఆవులను యాడ కట్టేస్తారో చూడలేదు కదా అని.